కాలిక్రింద క్రుంగిన బ్రేకు



వ్యాధులలో నొక జాతి కలదు. రోగి యింట పడుకొని మూల్గుచున్నంతసేపు అది యుండును. వైద్యుడు గుమ్మము త్రొక్కువేళకు కానరాకపోవును. ఆయన నాడి చూచి, నాలుక చూచి, ఏమియు లేదని చెప్పి వెడలును. ఆ రాత్రియే జ్వరము మరల కాయును. విషమజ్వరముల స్వభావ మిట్టిదని మన పూర్వు లెఱిగినదే. యంత్రములకును ఇట్టి విషమజ్వరము కలదు. పాత మోటారుకారులలో, అందును ఇంజను మార్చి వేగము పెంచిన పాతకారులలో, బ్రేకునకు వచ్చు నట్టి జ్వర మొకదానినిగూర్చి నేడు మీకు మనవి చేసెదను. బండి చల్లగా నున్నపుడు ఆ బ్రేకు రాయివలె గట్టిగా నుండును. వేడెక్కినపుడు కాలిక్రింద నేలకు క్రుంగిపోవును. మరల చల్లారినంతనే ఏమియు నెఱుగనట్లు గట్టిపడును.

ఇది మెకానిక్కులకు కావలసిన విషయము గాని పల్లెలయందలి పెద్దల కేల యని మీరు శంకింపవచ్చును. పెండ్లికి గాని, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని మ్రొక్కునకు గాని, మాఘపూర్ణిమనాడు హంసలదీవి సాగరసంగమ స్నానమునకు గాని బండి కట్టించునది మీరు. స్టీరింగు పట్టినవాడు పడుచువాడైనను, బయలుదేరుడని చెప్పునది పెద్దవారి నోరు. పైగా మన కృష్ణాడెల్టాలో కొండలు లేవు గనుక బ్రేకులకు ప్రమాదము లేదని తలచుట కలదు. మన రోడ్లు కాలువగట్లమీద సాగును. ఒకవైపు నీటికాలువ, ఒకవైపు మురుగుకాలువ, నడుమ రెండు బండ్లు తప్పుకొనుటకు చాలీ చాలని త్రోవ. కొండదారిలో లోయ యెట్టిదో మనకు కాలువ యట్టిది.

అంబాసిడరు కారు నెఱుగనివారు మనలో నుండరు. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గొని, కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు దీనిని నిర్మించిరి. 1950ల చివర మొదలుకొని 2014 వఱకు అచ్చటినుండి ఈ బండ్లు వెలువడెను. పెక్కేండ్లు దీనియందుండిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. బలము ఇంచుమించు 50 అశ్వముల బలము. 1990లలో కంపెనీవారే జపానుదేశపు ఇసుజు ఇంజనును, అయిదు గేర్లను అమర్చి 75 అశ్వముల బలము గల బండిని విక్రయించిరి. ఇట్లు కర్మాగారముననే చేసిన మార్పు వేఱు. వీథి షెడ్డులో చేసిన మార్పు వేఱు. కర్మాగారమున ఇంజను మార్చినపుడు, దానితోపాటు మారవలసిన తక్కిన యవయవములను లెక్కవేయుటకు ఇంజనీర్లు కలరు. షెడ్డులో ఇంజను పట్టునా పట్టదా యన్నదే ప్రశ్న. పట్టినచో పని యైనదని తలంతురు. పొగగొట్టము ఎటుగా పోవుచున్నది, దానిప్రక్క నేమున్నది యని వంగి చూచువారు అరుదు.

వేగము పెరిగిన బ్రేకునకు బరు వెంత పెరుగునో చిన్న లెక్కవలన తెలియును. బండియు మనుష్యులును కలిసి 1500 కిలోలనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు నా బండిని నిలుపుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి, ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 80 డిగ్రీలవఱకు కాచుటకు చాలినంత. వేగము 90 అయినచో, పెరిగినది ఒకటిన్నర రెట్లే యైనను, శక్తి రెండుంబావు రెట్లగును. ఒకటిన్నర లీటర్లకు పైబడిన నీటిని 30 డిగ్రీలనుండి మరగించుటకు అది చాలును. శక్తి వేగముతో సమముగా గాక వేగముయొక్క వర్గముతో పెరుగుటయే ఇందుకు కారణము. కావున ఇంజనునకు బలమిచ్చి బ్రేకు నట్లే యుంచుట, ఎద్దునకు దాణా పెంచి ముకుత్రాడు మార్చకుండుట వంటిది.

ఇక బ్రేకు పనిచేయు విధము. 17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశమున పాస్కలు అను పండితు డుండెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించిన నది తగ్గక అన్ని వైపులకు ప్రసరించునని యాతడు నిరూపించెను. కారు బ్రేకునకు మూలమదియే. మనము పెడలు నొక్కినపుడు మాస్టరు సిలిండరులోని పిస్టను ముందునకు జరుగును. అందలి ద్రవము సన్నని ఇనుప పైపులగుండ, చక్రములకడ రబ్బరు హోసులగుండ ఒత్తిడిని చేరవేయును. అచ్చటి వీలు సిలిండర్లు బ్రేకు షూలను బయటికి త్రోసి, తిరుగుచున్న డ్రమ్మునకు ఒత్తును. ఆ రాపిడివలన బండి నిలుచును. బండి వేగము వేడిగా మారును.

ఇచ్చట తెలిసికొనవలసినది ఒక్కటే: ద్రవము నలగదు, గాలియు ఆవిరియు నలగును. పిల్లలు వసంతములాడు చిమ్మనగ్రోవిని తీసికొనుడు. దానినిండ నీరు పట్టి, మూతి వ్రేలితో మూసి, వెనుక కడ్డీని నొక్కినచో కదలదు. సగము నీరు, సగము గాలి యుంచి నొక్కినచో కడ్డీ లోపలికి పోవును. విడిచిన వెనుకకు వచ్చును. బ్రేకు పైపులో ఆవిరి చేరినప్పు డిట్లే యగును. కాలిబలమంతయు ఆవిరిని నలుపుటకే సరిపోవును. చక్రమునకు చేరునది శూన్యము.

పైపులోని కావిరి యెట్లు వచ్చును? బ్రేకు ఆయిలు అని పేరేగాని అది నూనె కాదు. గ్లైకాలు జాతికి చెందిన ద్రవము. వానకాలమున ఉప్పు చెమ్మగిల్లినట్లు అది గాలిలోని తేమను మెల్లగా త్రాగుచుండును. డాట్ 3 అను రకము క్రొత్తదైనపుడు 205 డిగ్రీలకు లోపల మరుగరాదని నియమము. నూటికి 3.7 పాళ్లు నీరు కలిసినపిదప ఆ నియమము 140 డిగ్రీలకు దిగును. డాట్ 4 రకమునకు ఈ యంకెలు 230, 155. ఏండ్ల తరబడి మార్చని ద్రవము ఏటేట తన తాళుశక్తిని పోగొట్టుకొనుచుండును. బందరు తీరమున గాలిలో తేమ యెంతయో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అందుచేత రెండేండ్ల కొకసారి పాత ద్రవమంతయు తీసివైచి సీలుచేసిన క్రొత్త డబ్బానుండి నింపుట యుచితము. సగము వాడి మూత వదులుగా పెట్టిన డబ్బాలోని ద్రవము డబ్బాలోనే తేమ త్రాగియుండును.

మఱియొక సంగతి. తొలినాటి కారులలో మాస్టరు సిలిండరునుండి నాలుగు చక్రములకు ద్రవమార్గ మొక్కటే. ఒకచోట కారినను, ఒకచోట ఆవిరి పుట్టినను, నాలుగు చక్రముల బ్రేకును ఒక్కసారిగ పోవును. ఈ యపాయము గుర్తించియే అమెరికాలో 1968 నుండి క్రొత్త కారులకు రెండు వేఱువేఱు మార్గములు గల బ్రేకును విధిగా జేసిరి. ఒకటి చెడినను రెండవది సగము బండి నైనను పట్టుకొనును. పాత బండ్ల కీ రక్ష లేదు.

ఈ లక్షణములన్నియు ఒక్కచోట కూడిన బండిని నేను స్వయముగా చూచితిని. యంత్రములు నా వృత్తి కావు. బడిలో పాఠములు చెప్పుకొని, తర్కశాస్త్ర గ్రంథములు కొన్ని చదువుకొన్నవాడను. ఆ బండి దోషమును కనిపెట్టిన విధము తర్కమునకు మంచి యుదాహరణమగుటచే క్రమముగ వివరించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట గుడివాడయందలి మా బంధువుల కుటుంబ మొకటి పాత అంబాసిడరులో మోపిదేవికి బయలుదేరెను. ఇంటి పడుచువాడు దానికి మఱియొక బండినుండి తీసిన పెద్ద ఇంజను వేయించి, వెడల్పు చక్రములు తొడిగించెను. లోపల ఆరుగురు పెద్దలు, వెనుక సీటులో ఇద్దరు పసివారు. గుడివాడనుండి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు చేరువఱకు ఏ చిక్కును లేదు. ఆ త్రోవలో ఊళ్లు దగ్గఱ, మలుపు లెక్కువ. పెడలు మాటిమాటికి నొక్కవలసి వచ్చినది. నొక్కినప్పుడెల్ల బండి నిలిచినది. బందరులో కొంతసేపు ఆగి, చల్లపల్లివైపు పెద్ద రోడ్డెక్కిరి. అచ్చట రోడ్డు తిన్నగా నుండుటచే బండి వేగము 90 కి చేరెను. బ్రేకుతో పని లేకపోయెను. చల్లపల్లి సమీపించుచుండగా వరిగడ్డి వేసికొని పోవు ట్రాక్టరు ఎదుట కనబడెను. పడుచువాడు పెడలు నొక్కగా అది నేలను తాకెను. రెండవమాఱు నొక్కినను అంతే. మూడవమాఱు కొంచెము పట్టెను. ట్రాక్టరు వెనుక మూరెడు దూరమున బండి నిలిచెను.

అందఱును దిగి, చెట్టుక్రింద కూర్చుండి, పిల్లలకు నీళ్లు త్రాగించిరి. అరగంటకు పిమ్మట పెడలు నొక్కి చూడగా ఎప్పటివలె గట్టిగా నున్నది. దగ్గఱనున్న షెడ్డులోని మెకానిక్కు పైపులలో గాలి చేరినదని చెప్పి, నాలుగు చక్రములకడ గాలి తీసి, కొంత ద్రవము పోసి, బాగైనదనెను. నొక్కి చూచిరి, బాగుగనే యున్నది. దర్శనము చేసికొని మఱునాడు తిరిగి వచ్చుచు బందరు దాటి పెడన చేరుచుండగా మరల పెడలు క్రుంగెను. ఈసారి హ్యాండుబ్రేకు లాగి, రోడ్డు దిగి, ఇసుకనేలలో బండిని నిలిపిరి. కాలువ ఆవలిప్రక్క నుండుట వారి యదృష్టము.

ఆ మొదటి మెకానిక్కు తలంపులోని లోపమును తర్కము చదివినవారు గుర్తింపగలరు. పొగ యున్నచోట నిప్పుండునని చెప్పవచ్చును గాని, నిప్పున్న చోటనెల్ల పొగ యుండునని చెప్పరాదు. నిప్పునకు తడికట్టె తోడైననే పొగ. ఆ తడికట్టెను ఉపాధి యందురు. ఉపాధిని గమనింపని యనుమానము చెడును. గాలి తీసితిమి, పెడలు గట్టిపడినది, కావున గాలియే దోషము అని యాతడనుకొనెను. గాలి తీయునంతలో గంటసేపు గడచి బండి చల్లారినదని గమనింపలేదు. పెడలును గట్టిపఱచినది చల్లారుట. ఆతని మరమ్మతు కాదు. షెడ్డునకు బోకముందే, చెట్టుక్రింద నున్నపుడే, అది గట్టిపడియుండెను గదా!

బందరులో ఇంజనుపనియందు తలపండిన మేస్త్రీ యొకడు మాకు పరిచితుడు. బండిని మఱియొక వాహనమునకు గట్టి అతని షెడ్డుకు చేర్చితిమి. ఆతడు రెంచి చేతబట్టలేదు. ముందుగ పడుచువానిని కూర్చుండబెట్టి, ఎచ్చట ఎచ్చట బ్రేకు వేసితివి, ఎంత వేగమున పోతివి, ఎంతసేపటికి మరల బాగుపడినది యని యడిగెను. విన్నపిదప నావైపు తిరిగి, “మాస్టారూ, బ్రేకు ఎక్కువగా వేసిన రోడ్డులో జబ్బు లేదండి; వేయని రోడ్డులో వచ్చిందండి. ఇది చక్రాల వేడి కాదు,” అనెను. బ్రేకు వాడకమున్నను దోషము లేదు. వాడకము లేకున్నను దోషమున్నది. అన్వయమును లేదు, వ్యతిరేకమును లేదు. కనుక చక్రములకడ రాపిడివలన పుట్టిన వేడి కారణము కాజాలదు. ఈ నిర్ణయమునకు పనిముట్లతో పని లేకపోయెను.

పిదప పరీక్షలు సాగెను. బండి చల్లగా నున్నపుడు ద్రవపాత్రలో మట్టము చూచి గుర్తు పెట్టెను. పెడలును నిబ్బరముగ నొక్కిపట్టి మెల్లగా అరువది లెక్కించెను. పెడలు దిగలేదు, మట్టము తగ్గలేదు, చక్రముల లోపలివైపు తడి లేదు. కావున ద్రవము బయటికి కారుట లేదు; మాస్టరు సిలిండరులోని రబ్బరు వాచరు లోలోపల ద్రవమును జారవిడుచుటయు లేదు. పెడలు దూదివలె మెత్తగా లేదు గనుక పైపులలో గాలి లేదు.

రెండవది నిశ్చయాత్మకమగు పరీక్ష. చక్రముల కన్నిటికి దిమ్మెలు పెట్టి, గేరు తీసి, షెడ్డు బయట ఇంజనును కొంచెము ఎక్కువ వేగమున ఉన్నచోటనే తిరుగనిచ్చెను. చక్రములు అంగుళమైనను కదలలేదు. అయిదు నిమిషముల కొకసారి పెడలు నొక్కి చూచెను. పదునైదు నిమిషములకు పెడలు కొంత దిగెను. ఇరువదియైదు నిమిషములకు నేలను తాకెను. డ్రమ్ములను తాకి చూడగా చల్లగా నున్నవి. చక్రము తిరుగకయే బ్రేకు పోయినది! వేడి ఇంజనుయొద్దనుండి వచ్చుచున్నదని అందుచే తేలినది.

మూడవది స్థానమును నిర్ణయించు పరీక్ష. పెడలు క్రుంగియున్నపుడే ముందరి చక్రములకు పోవు రెండు రబ్బరు హోసులను, వెనుకకు పోవు నొక హోసును, రబ్బరు కోసికొనిపోని నున్నని పట్టుకారులతో నొక్కి మూసెను. దోషము చక్రములకడ నున్నచో పెడలు ఇపుడు గట్టిపడవలెను. గట్టిపడలేదు. కనుక దోషము మాస్టరు సిలిండరునకును ఈ మూడు హోసులకును నడుమనున్న పైపులలో నున్నది. ఇల్లు గాలించి, వీథి గాలించి, దొంగను ఒక్క గదిలో మూసినట్లైనది.

పిమ్మట ఇంజను ఆపి, బండి చల్లారినంతవఱకు ఆగి, ఉక్కు స్టాండ్లమీద బండి నిలిపి, మేస్త్రీ క్రిందికి దూరెను. జాకీమీద మాత్రము నిలిపిన బండిక్రిందికి ఎన్నడును దూరరాదని కుఱ్ఱవానికి చెప్పుచునే దూరెను. పాత ఇంజను పొగగొట్టము ఎడమవైపున నుండెడిది. క్రొత్త ఇంజను పొగగొట్టము కుడివైపుగ దిగి, వెనుక చక్రములకు పోవు బ్రేకు పైపు ప్రక్కనే రెండు వ్రేళ్ల యెడముతో మూరెడు దూరము సాగినది. ఆ మూరెడు మేరను పైపుమీది రంగు మాడి బొగ్గైనది. ఇంజను క్రింది రబ్బరు దిమ్మ నలిగియుండుటచే ఇంజను బలముగ తిరుగునపుడు పొగగొట్టము పైపువైపునకు ఇంకను ఒరగుచుండెను. పాత ద్రవమును గాజుసీసాలోనికి తీసి చూడగా కాఫీ కషాయమువలె నల్లగా నున్నది.

ప్రధానకారణము పొగగొట్టపు సామీప్యము. పాతబడి నీరు త్రాగిన ద్రవము, నలిగిన రబ్బరు దిమ్మ సహకారికారణములు. ఒక్కటే మార్గముగల పాత బ్రేకు కావుటచే ఒక మూరెడు పైపులోని ఆవిరి నాలుగు చక్రములను నిస్సహాయములను జేసినది. సహకారికారణమును మాత్రము తొలగించి, అనగా క్రొత్త ద్రవము పోసి ఊరుకొన్నచో, కొన్నాళ్లు దోషము కనబడక, వేసవిలో మరల వచ్చియుండును. మొదటి షెడ్డులో కొంత క్రొత్తద్రవము పోయుటవలననే మోపిదేవికి పోవునపుడు చల్లపల్లిలో వచ్చిన జబ్బు, తిరుగుప్రయాణమున పెడనవఱకు ఆలసించినదని మేస్త్రీ యభిప్రాయము.

చికిత్స రెండు దినములు పట్టినది. మాడిన పైపు తీసివైచి, బ్రేకులకొఱకే తయారగు క్రొత్త ఉక్కు పైపును బండి ఎడమవైపుగ నడిపి, అది అదరకుండ అడుగడుగున బిళ్లలతో బిగించిరి. పొగగొట్టమును క్రొత్త కొక్కెములతో దూరముగ వ్రేలాడదీసి, నేలపలకకు దానికి నడుమ రేకు తెరను అమర్చిరి. ఇంజను రబ్బరు దిమ్మలు మార్చిరి. పాత ద్రవమంతయు తోడి, మాస్టరు సిలిండరు రబ్బరులు, హోసులు మార్చి, క్రొత్త ద్రవము నింపి, దూరపు చక్రముతో మొదలిడి గాలి తీసిరి.

అంతటితో బాగైనదని మేస్త్రీ చెప్పలేదు. ముందు జబ్బు పుట్టించిన పరీక్షనే మరల చేసెను. దిమ్మెలు పెట్టి, ఉన్నచోటనే ఇంజనును నలుబది నిమిషములు తిరుగనిచ్చెను. పెడలు చలింపలేదు. మఱునాటి వేకువను బండిలో ఒక్కడే కూర్చుండి, బందరునుండి చల్లపల్లివఱకు పోయి వచ్చెను. అయిదేసి కిలోమీటర్లకు నిలిపి పెడలు చూచెను. అంతయు సరిగ నుండిన పిమ్మటనే తాళమిచ్చెను. ఇచ్చుచు, “ఈ ఇంజనుకు ఈ బ్రేకులు చాలవండి. రెండు దారుల మాస్టరు సిలిండరు వేయించేదాకా అరవై దాటవద్దు,” అని పడుచువానికి గట్టిగా చెప్పెను.

పెడలు చెప్పు మాటలు అన్నియు ఒకటి కావు. వానిని వేఱుపఱచి వినుట నేర్వవలెను. నొక్కిపట్టినపుడు మెల్లగా దిగుచు, పాత్రలో ద్రవము తగ్గినచో ఎచ్చటనో కారుచున్నది. మట్టము తగ్గకయే దిగినచో మాస్టరు సిలిండరు లోపలి రబ్బరు చెడినది. చల్లగా నున్నను వేడిగా నున్నను దూదివలె మెత్తగా నున్నచో గాలి చేరినది. మొదట లోతుగ పోయి, రెండుమూడుసార్లు వెంటవెంట నొక్కగా పైకి వచ్చి గట్టిగ నిలిచినచో షూలు అరిగి డ్రమ్మునకు ఎడమైనవి, బిగించిన చాలును. పెడలు గట్టిగనే యుండి బండి ఆగనిచో లైనింగునకు నూనె గాని నీరు గాని తగిలినది. వర్షకాలమున రోడ్డుమీదికి వచ్చిన కాలువనీటిలో బండి నడిపినపిదప మన సీమలో నిట్లగుట సామాన్యము. నీరు దాటినంతనే మెల్లగా పోవుచు పెడలు తేలికగ నొక్కుచుండిన లైనింగు ఆరును. చల్లగా నున్నపుడు గట్టిగను, ప్రయాణము సాగినకొలది లోతుగను, నిలిపినపిదప మరల గట్టిగను మారునది నేను చెప్పిన యావిరిజబ్బు. వీనిలో మోసకారి యిదియే. ఏలయనగా షెడ్డు చేరునప్పటికి లక్షణము మిగులదు.

నడుమదారిలో పెడలు క్రుంగినచో చేయదగినది డ్రైవరునకు ముందే తెలిసియుండవలెను. కాలు తీసి తీసి వేగముగ పలుమాఱులు నొక్కవలెను. కొంతైనను ఒత్తిడి పుట్టును. క్రింది గేరులకు ఒక్కొక్కటిగ దిగవలెను. ఇంజనే బండిని పట్టుకొనును. హ్యాండుబ్రేకు తీగెతో పనిచేయునది గాని ద్రవముతో గాదు. కావున అది మిగిలియుండును. దానిని కొంచెము కొంచెముగ లాగవలెను. ఒక్క పెట్టున లాగిన వెనుక చక్రములు బిగిసి బండి అడ్డము తిరుగును. హారను మ్రోగించుచు, దీపములు వెలిగింపవలెను. బండి కదలుచుండగా తాళము తీయరాదు. కొన్ని కారులలో స్టీరింగు బిగిసిపోవును. ఒకప్రక్క కాలువయు ఒకప్రక్క వరిచేనును ఉన్నచో చేనివైపు దింపవలెను. పంట నష్టమును ఇచ్చుకొనవచ్చును. నిలిచినపిదప అరగంటకు పెడలు గట్టిపడినది గదా యని మరల ఎక్కరాదు. ఆ గట్టితనమును నమ్మియే గదా మా బంధువులు రెండవమాఱు అపాయమున పడిరి.

ఇంజను మార్పునుగూర్చి చట్టము చెప్పునది కూడ తెలిసియుండుట మేలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను, వాహనమును నిర్మించినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరి 9న సుప్రీముకోర్టు ఈ నిషేధమును దృఢపఱచుచు తీర్పు చెప్పినది. అధికారి యనుమతి లేకయు, ఆర్.సి.లో వ్రాయింపకయు ఇంజను మార్చిన బండి రోడ్డుమీదికి రాదగినది కాదు. సొంత కారునకు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు. పిదప బండిని పరీక్షింపజేసి అయిదేసి యేండ్లకు పొడిగింపించుకొనవలెను. ఈ పరీక్షను కాగితపు తంతుగా చూడక, బండిక్రిందికి వంగి చూచు నొక యవకాశముగా గ్రహింపవలెను. అయినను ఆఫీసులో పరీక్షకు నిలిచిన బండి చల్లగా నుండునని మఱువరాదు.

కావున పెద్దలకు నా మనవి యిది. పాతబండి ఇంటిముందుకు వచ్చినపుడు ఇంజను మార్చినదా యని యడుగుడు. మార్చినదన్నచో, బ్రేకు పైపు ఎటు పోవుచున్నది, పొగగొట్టము ఎటు పోవుచున్నది, ద్రవము ఎప్పుడు మార్చితిరి యని యడుగుడు. పెడలు నొక్కిపట్టి అరువది లెక్కింపుమనుడు. ఇది చల్లని పరీక్ష. ఇందు నెగ్గిన బండి సగమే నెగ్గినది. పది పదునైదు కిలోమీటర్లు పోయినపిదప, ఊరు దాటి విశాలమైన చోట, బండి నిలిపించి ఇంజను వేడిగా నుండగనే మరల నొక్కి చూడుమనుడు. తొలిసారి కంటె వ్రేలెడు లోతు దిగినను, పిల్లలను దింపి, బస్సెక్కించుడు. పడుచువాడు నొచ్చుకొనును, ముహూర్తమునకు వేళ మించినదని బంధువులు తొందరపడుదురు. అపుడు ఆగుమని చెప్పగలవారు మీరు తప్ప ఆ బండిలో వేఱొకరుండరు.